సానాలో ఏం తాగితే మేలు: మంచినీళ్ళా, ఉప్పు కలిపిన నీళ్ళా, బీరా?

సానా అంటే చెమట పట్టించుకోవడానికి కూర్చునే వేడి గది. అందులో వేడి మామూలుగా 70 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట చాలావరకు పట్టినట్టే ఆరిపోతుంది. ఒంట్లోంచి ఎంత నీరు పోయిందో అందుకే అంచనాకు అందదు. పావుగంట, ఇరవై నిమిషాల విడత ఒక్కదానికే దాదాపు అరలీటరు పోవచ్చు. వెళ్ళే ముందు ఒకసారి, అంతా అయ్యాక ఒళ్ళు తుడుచుకుని ఇంకోసారి బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోకూ ఒక లీటరు పోయినట్టు. మధ్యలో తాగినది కూడా దానికి కలపాలి. ఏం తాగాలో తేల్చేది ఆ లెక్కే.

ఒకటి రెండు విడతలతో ముగించేవారికి మంచినీళ్ళు చాలు. ఉప్పు సంగతి తర్వాత తినే భోజనం చూసుకుంటుంది. వెళ్ళడానికి గంట, రెండు గంటల ముందు 300 నుంచి 500 మిల్లీలీటర్లు, విడత విడతకీ మధ్య ఒక గ్లాసు తాగితే సరిపోతుంది. వెళ్ళబోయే ముందు లీటరు నీళ్ళు ఒక్కసారే పట్టించేయడం వల్ల లాభం లేదు: కడుపు బరువెక్కుతుంది, మిగులు నీరు మూత్రంగా పోతుంది. చల్లగా ఉన్నా పరవాలేదు, గుక్క గుక్కగా తాగండి.

మూడు నాలుగు విడతలు కూర్చునేవారికీ, వ్యాయామం చేసి నేరుగా వచ్చేవారికీ ఉప్పు కలిపిన నీళ్ళే మేలు. చెమటతో ఉప్పులోని సోడియం కూడా పోతుంది. లీటరు చెమటలో అది అర గ్రాము నుంచి గ్రామున్నర దాకా ఉండొచ్చు, మనిషిని బట్టి మారుతుంది. ఆ లోటు మీద ఉత్త నీళ్ళే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వికారం వస్తాయి. మరీ ముదిరితే ప్రాణాపాయమే. ఇంట్లో కలుపుకోవాలంటే లీటరు నీళ్ళకు పావు టీస్పూను ఉప్పు, ఆరు టీస్పూన్ల పంచదార, కాస్త నిమ్మరసం. పంచదార రుచికి మాత్రమే కాదు: చిన్నపేగుల్లో గ్లూకోజు, సోడియం కలిసే లోపలికి వెళ్తాయి, నీటిని వెంట తీసుకుపోతాయి. అయితే పంచదార ఎక్కువైతే ద్రవం చిక్కబడి కడుపులోనే నిలిచిపోతుంది. పండ్లరసాలతో వచ్చే చిక్కు ఇదే, తాగాలనుకుంటే సగానికి సగం నీళ్ళు కలపండి.

ఓఆర్ఎస్ విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినవారి కోసం తయారైన మందు. అందులో సోడియం స్పోర్ట్స్ డ్రింకుల కన్నా చాలా ఎక్కువ, మామూలు సానాకు అంత అక్కర్లేదు. కొబ్బరినీళ్ళు మంచివే కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ప్రధానంగా సోడియం కాబట్టి చిటికెడు ఉప్పు వేసుకుంటేనే సరైన జోడీ. అలవాటున్నవారికి ఒక కప్పు కాఫీ, టీ వల్ల నష్టం లేదు.

బీరు మాత్రం సానా జరుగుతున్నంతసేపూ వద్దు, ఈ మాటలో సడలింపు లేదు. వేడికి చర్మం కింది రక్తనాళాలు విప్పారి రక్తపోటు తగ్గుతుంది, మద్యం దాన్ని ఇంకా దించుతుంది. బల్ల మీంచి లేవగానే కళ్ళు తిరిగి, గదిని వేడిచేసే రాళ్ళ పొయ్యి మీద పడే ప్రమాదం ఉంది. మూత్రాన్ని అదుపు చేసే హార్మోనును కూడా మద్యం అణిచేస్తుంది, దాంతో నీటి లోటు పెరుగుతుంది. అన్నిటికంటే ప్రమాదం నిద్ర: ఒళ్ళు మరీ వేడెక్కిందన్న హెచ్చరిక మత్తులో తెలియదు. బీరు కావాలనుకునేవారు సానా పూర్తిగా ముగించి, ఒళ్ళు చల్లబడి, నీళ్ళు తాగి, మూత్రం లేత పసుపులోకి వచ్చాకే తాగాలి.

పోయిన బరువుకు ఒకటింబావు నుంచి ఒకటిన్నర రెట్లు ద్రవం తర్వాతి కొన్ని గంటల్లో తాగాలి, కొంత మూత్రంగా పోతుంది కనుక. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారికి, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మాత్రలు వాడేవారికి ఈ లెక్కలు వర్తించవు. ఎంత తాగాలో, అసలు సానా తగునో డాక్టరే చెప్పాలి. సీసా గది బయటే పెట్టుకోండి. లోపల గాజు పగిలితే కింద ఉన్నవి చెప్పుల్లేని పాదాలు, లోహపు సీసా అయితే దాని మూతి పెదవిని కాలుస్తుంది.