క్లియరెన్స్ కేసుకి గుంటూరు ఆసుపత్రి కాగితాలు: బెంజి సర్కిల్ డాక్యుమెంట్ సర్వీసు ఎలా ఉంది?

అమెరికా రక్షణశాఖ కాంట్రాక్టు కంపెనీల్లో పనిచేసే మనవాళ్లకి మానసిక ఆరోగ్యం పేరుతో సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూడటానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) ఆగితే, ఎప్పుడో ఇక్కడ చేయించుకున్న వైద్యం కాగితాలు అవసరమవుతాయి. గుంటూరు, విజయవాడ ఆసుపత్రుల నుంచి వాటిని తీయించి, తెలుగులో ఉన్నవి ఇంగ్లీషులోకి మార్చి పంపడం ఈ సర్వీసు పని.

రికార్డులు తీయించడంలో వీళ్లకి వంక పెట్టలేం. కౌంటర్ దగ్గర బతిమాలరు. రోగి సంతకం చేసిన అనుమతి లేఖ జతచేసి, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 25వ సెక్షన్ రాసి అర్జీ ఇస్తారు. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధన. ఇన్‌పేషెంట్ రికార్డు మూడేళ్లే దాచాలన్నదీ అందులోనే ఉంది కాబట్టి, పాతవి దొరక్కపోతే ఆ మాటే లెటర్‌హెడ్ మీద రాయించి తెస్తారు. చీటీలో 'నెక్సిటో 10' అని ఉంటే పక్కనే 'ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాములు' అని రాస్తారు. మన బ్రాండ్లు అక్కడి డాక్టర్లకి తెలియవు. ఓపీ చీటీలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ చేయిస్తారు.

'అప్పీలు ప్యాకేజీ' అని అమ్మడం మాత్రం తప్పు. క్లియరెన్స్ ఎందుకు ఇవ్వకూడదో చెబుతూ అమెరికా రక్షణశాఖ పంపే ఆరోపణల పత్రం అందిన 20 రోజుల్లో, ఒక్కోదానికీ ఔనో కాదో ప్రమాణపూర్వకంగా జవాబివ్వాలి. విచారణ కావాలంటే అప్పుడే అడగాలి. వద్దనుకుంటే ప్రభుత్వం పంపే ఫైలుకి బదులివ్వడానికి 30 రోజులుంటాయి. జడ్జి కాదన్నాక అప్పీలు నోటీసుకి తీర్పు తేదీ నుంచి 15 రోజులు, వాదన పత్రానికి 45. ఆ అప్పీలు బోర్డు కొత్త సాక్ష్యం తీసుకోదు. అంటే ఈ కాగితాలన్నీ జడ్జి ముందుకే చేరాలి. కేసు ఏ దశలో ఉందో అడక్కుండా డబ్బు కట్టించుకుంటే ఆ కుటుంబానికి అన్యాయం చేసినట్టే.

వీళ్లిప్పించే 'ఫిట్' సర్టిఫికెట్ కొనొద్దు. ఒక్క వాక్యంతో ఏమీ తేలదు. జబ్బు పేరు, తేదీలు, మోతాదు, మందు ఎప్పుడు ఎందుకు ఆపారు, తిరగబెట్టే అవకాశం ఎంత అన్నవన్నీ డాక్టరు లేఖలో ఉండాలి. ప్రస్తుత స్థితి మీద అమెరికా ప్రభుత్వానికి సమ్మతమైన నిపుణుల అభిప్రాయానికే బలం. పరీక్షకి ముందే ఈ రికార్డులు వాళ్ల చేతికి అందాలి. కౌన్సెలింగ్‌కి వెళ్లినంత మాత్రాన తప్పుపట్టకూడదని క్లియరెన్స్ నియమాల్లో మానసిక ఆరోగ్యానికి సంబంధించిన గైడ్‌లైన్ ఐ స్పష్టంగానే చెబుతోంది, దానికి భయపడక్కర్లేదు.

క్లియరెన్స్ కోసం నింపే ఎస్ఎఫ్-86 ఫారంలో రాయని ఆసుపత్రి అడ్మిషన్ ఈ రికార్డుల్లో కనిపిస్తే, ఎవరికీ పంపకముందే లాయరుకి చూపించండి. కావాలని దాచారనుకుంటే వ్యక్తిగత ప్రవర్తన, నిజాయితీలకి సంబంధించిన గైడ్‌లైన్ ఇ కింద అది వేరే ఆరోపణ అవుతుంది.