కోనసీమలో కారు మంటలు: పెట్రోలుదా, కరెంటుదా?

అంటుకునే అవకాశం ఎక్కువ పెట్రోలు కారుకే. స్వీడన్ ప్రభుత్వ 2022 లెక్కల్లోనూ అదే తేలింది. ఆర్పడం కష్టం మాత్రం కరెంటు కారుతోనే.

పెట్రోలు కారులో మంట ఎక్కువగా బానెట్ కిందే పుడుతుంది. వరి కోతలయ్యాక ఎలకలు ఇళ్ల వైపు మళ్లి వైర్లు, పెట్రోలు పైపులు కొరుకుతాయి. ఫ్యూజు, రిలే లేకుండా బిగించిన అదనపు లైట్లు ఇంకో కారణం. పెట్రోలు వాసనొస్తే స్టార్ట్ చెయ్యకండి. చిన్న మంటైతే ఏబీసీ పౌడర్ సిలిండరు (మంటలార్పే పొడి ఉండేది)తో బానెట్ సందులోంచే కొట్టండి. పూర్తిగా ఎత్తితే గాలి తగిలి మంట ఎగుస్తుంది.

కరెంటు కారు బ్యాటరీలో ఒక సెల్లు వేడెక్కి పక్కదాన్ని రాజేస్తుంది. పౌడరు లోపలికి చేరదు. చల్లార్చడానికి వేల లీటర్ల నీళ్లు కావాలి. ఆరిందనుకున్న రోజుల తర్వాత కూడా మళ్లీ అంటుకోవచ్చు. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ నికెల్ రకం కంటే ఎక్కువ వేడి తట్టుకుంటుంది, కొనేముందు తప్పక అడగండి.

మన దగ్గర కరెంటు కారుకు అసలు భయం ఉప్పు నీళ్లతో. బ్యాటరీలోకి నీళ్లు చొరబడవని చెప్పే ఐపీ67 రేటింగు అంటే మీటరు లోతు మంచినీళ్లలో అరగంట పరీక్ష, అంతే. అంతర్వేది వైపు పోటు నీళ్లలో రాత్రంతా నానిన కారుకు అది భరోసా కాదు. నీళ్లు తీశాక మిగిలిన ఉప్పు వల్ల లోపల షార్ట్ అవుతుంది. 2022లో ఇయాన్ తుపాను తర్వాత ఫ్లోరిడాలో ఇలాగే కార్లు కాలాయి. అలాంటి బండిని ఛార్జింగ్ పెట్టకండి, స్టార్ట్ చెయ్యకండి, నారింజ రంగు కేబుళ్లు ముట్టుకోకండి. ఇంటికీ గడ్డిమేటుకీ 15 మీటర్ల దూరాన ఆరుబయట ఉంచి సర్వీసు వాళ్లను పిలవండి. పొగ కనిపిస్తే దూరం జరిగి 101కి ఫోన్ చెయ్యండి.