పటింగ్ మ్యాట్ల పరిశీలన: పెట్టె మీద రాయని విషయాలు

గోల్ఫ్‌లో బంతిని నేల మీద దొర్లించి కప్పులో (గుంతలో) వేసే దెబ్బే పట్, దాన్ని ఇంట్లో సాధన చేయడానికి పరుచుకునేది పటింగ్ మ్యాట్. దాని పెట్టె మీద పెద్దక్షరాల్లో కనిపించేవి మూడు: పొడవు, బంతి తనంతట తానే వెనక్కి వచ్చే ఏర్పాటు, బంతి ఎంత వేగంగా దొర్లుతుందో చెప్పే స్టింప్ అంకె. మ్యాట్ మంచిదో కాదో తేల్చే విషయాలు మాత్రం దాని మీద ఉండవు. నూగు (మ్యాట్ మీది పోగులు) ఏ వైపు వాలి ఉంది, చివర్లో ఎత్తు ఎంత, పరిచాక అంచులు లేస్తున్నాయా అన్నవి బంతి దొర్లించి చూస్తేనే తెలుస్తాయి. కాబట్టి ఏ మ్యాట్ తీసుకున్నా, తిరిగి ఇచ్చేసే గడువు ఉండగానే పరిచి, కొలిచి చూడండి. అరగంట పని.

ముందు వేగం సంగతి. అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ స్టింప్సన్ 1935లో గ్రీన్ (కప్పు చుట్టూ ఉండే పొట్టి గడ్డి నేల) వేగం కొలిచే సాధనం తయారు చేశాడు. అమెరికా గోల్ఫ్ సంఘం దాన్ని మార్చి 1970లలో వాడకంలోకి తెచ్చింది. అది 36 అంగుళాల అల్యూమినియం బద్ద. కింది కొస నుంచి 30 అంగుళాల దగ్గర ఒక గాడి ఉంటుంది. అందులో బంతి పెట్టి బద్దను మెల్లగా లేపితే సుమారు 20 డిగ్రీల దగ్గర బంతి జారుతుంది. అక్కడి నుంచి ఎన్ని అడుగులు దొర్లితే అదే స్టింప్ అంకె. రోజువారీ ఆట జరిగే చాలా కోర్సుల్లో (గోల్ఫ్ మైదానాల్లో) ఇది 8 నుంచి 10 వరకు ఉంటుంది, పెద్ద టోర్నమెంట్లకి 11 దాటిస్తారు. ఇంటి మ్యాట్లు చాలావరకు 10 నుంచి 12 అని చెప్పుకుంటాయి. ఎనిమిది అడుగుల మ్యాట్ మీద పది అడుగుల పరుగును కొలవడమే కుదరదు కాబట్టి, ఆ అంకెను మీరు ఇంట్లో సరిచూసుకోలేరు. నమ్మడమో మానడమో తప్ప దారి లేదనుకోకండి. మీకు కావలసింది అసలు స్టింప్ అంకె కాదు, మీరు ఆడే గ్రీన్‌కి, ఈ మ్యాట్‌కి మధ్య తేడా.

అది తెలుసుకోవడం తేలిక. 'ఎల్' ఆకారపు అల్యూమినియం యాంగిల్ ముక్క 50 సెంటీమీటర్లది తీసుకుని, దాన్ని 'వి' లాగా తిప్పి పెట్టండి. నేలకు ఆనే కొసను ఆకురాయితో పలుచగా అరగదీయండి, లేకపోతే బంతి దిగేటప్పుడు ఎగిరి కొలత చెడుతుంది. బంతి వదిలే చోట మార్కర్‌తో గీత పెట్టి, ఆ గీత నేలకు 11 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా కింద ఒక చెక్కముక్క ఇరికించండి. పది స్టింప్ ఉన్న గ్రీన్ మీద ఈ ఎత్తు నుంచి వదిలిన బంతి సుమారు నాలుగు అడుగులు పోతుంది, అంటే చిన్న మ్యాట్‌లో కూడా ఆగుతుంది. మీ కోర్సు ప్రాక్టీస్ గ్రీన్ మీద చదునైన చోట మూడు బంతులు ఇటు, మూడు బంతులు అటు వదిలి కొలవండి. అదే యాంగిల్‌తో, అదే ఎత్తు నుంచి, అదే రకం బంతితో మ్యాట్ మీదా కొలవండి. గ్రీన్ మీద 120 సెంటీమీటర్లు, మ్యాట్ మీద 150 వస్తే మ్యాట్ పావువంతు వేగంగా ఉన్నట్టు. ఆ మ్యాట్ మీద నెల రోజులు సాధన చేసి కోర్సుకి వెళ్తే పట్‌లన్నీ కప్పుకి ముందే ఆగిపోతాయి.

రెండు వైపుల కొలతలూ వేరుగా వస్తే సగటు తీయకండి. రెండింటినీ గుణించి, దాన్ని రెట్టింపు చేసి, రెండింటి మొత్తంతో భాగించాలి. ఒకవైపు 160, మరోవైపు 100 వస్తే అసలు వేగం 123, సగటు చూపించే 130 కాదు. తేడా అంత ఎక్కువగా ఉంటే నేల వాలుగా ఉందన్నమాట, లేదా నూగు ఒకవైపుకి వాలి ఉందన్నమాట. ఏదో తేల్చుకోవాలంటే మ్యాట్‌ను తల అటు ఇటు మార్చి అదే చోట పరవండి. వేగంగా పోయే దిక్కు కూడా తిరిగితే తప్పు నూగుది, తిరగకపోతే నేలది.

ఇప్పుడు చవక మ్యాట్ల అసలు జబ్బు: చివర ఉండే ఎత్తు. బంతి వెనక్కి రావాలంటే కప్పు ఎత్తులో ఉండాలి, అందుకని చివరి అడుగులో మ్యాట్ నాలుగైదు సెంటీమీటర్లు పైకి లేస్తుంది. నాలుగు సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. దొర్లే బంతి ఆ ఎత్తు ఎక్కడానికి ఖర్చుపెట్టే శక్తితో, పది స్టింప్ చదును మీద అయితే ఇంకో 50 సెంటీమీటర్లు పోతుంది. పన్నెండు స్టింప్ మీద 60. అంటే ఆ మ్యాట్ మీద కప్పులో పడిన ప్రతి పట్, చదును గ్రీన్ మీద కప్పు తప్పితే కనీసం అర మీటరు దాటిపోయేదే. కప్పు పెదవి దగ్గర ఊపిరి వదిలి లోపలికి జారే నెమ్మది పట్‌ను ఆ మ్యాట్ ఎప్పుడూ లెక్కలోకి తీసుకోదు. కాస్త గట్టిగా కొట్టడం అలవాటు చేసుకోవాలనుకునేవాళ్లకి ఇది పనికొస్తుంది. దిగువకు కొట్టే పట్‌లలో భయపడేవాళ్లకి మాత్రం హాని చేస్తుంది. ఇలా చివర ఎత్తు (ర్యాంప్) ఉన్న మ్యాట్ ఇప్పటికే కొని ఉంటే పారేయక్కర్లేదు. ర్యాంప్ మొదలయ్యే చోటికి ఒక అడుగు ముందు నాణెం పెట్టి, బంతి దాని మీద ఆగేలా కొట్టండి, కప్పును మరచిపోండి.

పటౌట్ అనే కంపెనీ వాళ్ల పద్ధతి దీనికన్నా మెరుగు. మ్యాట్ చదునుగా ఉంటుంది, కప్పుకి బదులు చివర వంపు తిరిగిన చిన్న పరికరం విడిగా పెడతారు. సరైన దారిలో వచ్చిన బంతి ఆ వంపు ఎక్కి, నిజమైన కప్పును దాటి ఎంత దూరం పోయేదో అంత దూరం వెనక్కి దొర్లుతుంది. తిరిగి వచ్చిన దూరమే మీ వేగం ఎంత ఎక్కువో చెబుతుంది. దానిలో ఉన్న చిన్న గుంతలో బంతి నిలవాలంటే దారి, వేగం రెండూ కుదరాలి. పర్ఫెక్ట్ ప్రాక్టీస్ మ్యాట్‌కి చెక్క చట్రం, పక్కనే బంతి తిరిగి వచ్చే పట్టా, ఒకటి మామూలు సైజు, ఒకటి చిన్నది చొప్పున రెండు కప్పులు ఉంటాయి. చిన్న కప్పు నిజంగా మంచి ఆలోచన, కానీ చివరి ఎత్తు దీనికీ ఉంది, పైన చెప్పిన లెక్క దీనికీ వర్తిస్తుంది. వెల్‌పట్ మ్యాట్ మీద కప్పు దాటాక ఎంత పోయిందో చూపించే గీతలు ముద్రించి ఉంటాయి. వేగం మీద పని చేయాలనుకునేవాళ్లకి మేము ముందు చూపించేది ఇలాంటి మ్యాట్‌నే.

ముద్రించిన కప్పు మేలా, కత్తిరించిన గుంత మేలా అని అడుగుతారు. అసలు కప్పు వ్యాసం 4.25 అంగుళాలు, అంటే 108 మిల్లీమీటర్లు. లోతు కనీసం 4 అంగుళాలు. మ్యాట్‌లో అంత లోతు కుదరదు. సెంటీమీటరు లోతు గుంతలో కాస్త వేగంగా వచ్చిన మంచి పట్ కూడా ఎగిరి బయట పడుతుంది. దానికన్నా ముద్రించిన వలయమే నిజాయితీగా ఉంటుంది. బంతి దాని మధ్యగా దాటి 30, 40 సెంటీమీటర్ల అవతల ఆగితే అది పడినట్టే లెక్క. అందుకోసం కప్పు వెనక కనీసం అర మీటరు చదును ఉన్న మ్యాట్ వెతకండి.

ఇక్కడే పొడవు లెక్క తారుమారవుతుంది. 2.4 మీటర్ల మ్యాట్ అంటే 2.4 మీటర్ల పట్ కాదు. ఈ కొసన 15 సెంటీమీటర్లు వదిలి బంతి పెడతారు, ఆ కొసన కప్పు 25 సెంటీమీటర్లు లోపల ఉంటుంది. మిగిలేది రెండు మీటర్లు. వృత్తి ఆటగాళ్లు కూడా ఎనిమిది అడుగుల నుంచి సుమారు సగమే వేస్తారు. ఆ దూరం సాధన చేయాలంటే మూడు మీటర్ల మ్యాట్ కావాలి, దానికి పటర్ (పట్ కొట్టే కర్ర) వెనక్కి ఊపడానికీ మీరు కదలడానికీ కలుపుకుని నాలుగు మీటర్ల జాగా కావాలి. అంత జాగా లేకపోతే చిన్నదే కొనండి, కానీ దాని పని బంతి బయలుదేరే దిశను సరిచేయడం వరకే అని ముందే అనుకోండి.

ఆ దిశ సాధన కూడా కప్పుతో సరిగా జరగదు. ఒకటిన్నర మీటర్ల నుంచి కప్పు అంచు వరకు మీకు ఇటు రెండు డిగ్రీలు, అటు రెండు డిగ్రీల చోటు ఉంది. అంత తప్పుగా కొట్టినా పడుతుంది. బంతికి 60 సెంటీమీటర్ల ముందు, 5 సెంటీమీటర్ల ఎడంతో రెండు టీ పుల్లలను (ఆటలో మొదటి దెబ్బకి బంతిని నిలబెట్టే పుల్లలు) మైనపు ముద్దలో నిలబెట్టండి. బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లు కాబట్టి అటు ఇటు నాలుగు మిల్లీమీటర్లు కూడా మిగలదు, అంటే డిగ్రీలో మూడో వంతు. ఆ ద్వారం దాటిన బంతి 2.4 మీటర్ల దగ్గర కప్పు నడిమికి సెంటీమీటరున్నర లోపే ఉంటుంది. ఏ ఖరీదైన మ్యాట్ కంటేనైనా ఈ రెండు పుల్లలు ఎక్కువ నేర్పుతాయి.

వెడల్పు 30 సెంటీమీటర్లయితే పాదాలు పూర్తిగా నేల మీద, 50 అయితే సరిగ్గా బొటనవేళ్ల కింద అంచు వస్తుంది. మందం సెంటీమీటరు లోపు ఉంటే ఇబ్బంది లేదు. చెక్క దిమ్మె మీద రెండున్నర సెంటీమీటర్లు లేచిన మ్యాట్ అయితే బంతి పాదాల కన్నా ఎత్తులో ఉంటుంది, మీకు తెలియకుండానే పటర్ కొన లేస్తుంది. అప్పుడు పాదాల కింద అంతే మందం పలక వేసుకోవాలి.

నేల విషయంలో మెత్తటి తివాచీ మీద మ్యాట్ పరవకండి. మీ బరువుకి బంతి పక్కనే గుంత పడి, బంతి మీ వైపు వాలుతుంది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక కింద వేస్తే సరిపోతుంది. టైళ్ల మీద అయితే పలుచటి మ్యాట్‌లోంచి సందులు బంతికి తగులుతాయి, సందు బంతి దారి వెంబడి రాకుండా మ్యాట్‌ను టైలు మధ్యగా పరవండి. రసమట్టం ఉంటే అడ్డంగా పెట్టి చూడండి. మీటరుకి సెంటీమీటరు పక్క వాలున్నా రెండు మీటర్ల పట్ కప్పు నడిమి వదిలి పోతుంది, మీరేమో మీ ఊపును తప్పుబడతారు. బాల్కనీల్లో నీళ్లు పోవడానికి వాలు ఉద్దేశపూర్వకంగానే ఇస్తారు, అక్కడ వద్దు.

బంతిని తిరిగి పంపే ఏర్పాటు గురించి మా అభిప్రాయం కటువైనదే. బంతి కాలి దగ్గరికి వచ్చేసరికి మనిషి నిలబడిన చోటే నిలబడి, గురి చూడకుండా యాభై కొడతాడు. మూడు బంతులు కొట్టి, నడిచి వెళ్లి తెచ్చుకుంటే ప్రతిసారీ కొత్తగా నిలబడాల్సి వస్తుంది, ఆటలో చేసేది అదే.

మ్యాట్ మీది గీతలు అంచుకి సమాంతరంగా ఉన్నాయో లేదో రెండు కొసలకీ దారం బిగించి చూడండి. ఒకే చోట నెలల తరబడి కొడితే నూగు అణిగి కాలువ పడుతుంది, బంతి ఆ కాలువలోనే కప్పు దాకా పోతుంది. వంకరగా కొట్టినా పడుతుందన్నమాట. వారానికోసారి కొసలు మార్చండి, బంతి పెట్టే చోటును అరచెయ్యంత జరపండి, గట్టి బ్రష్‌తో వాలుకి ఎదురుగా దువ్వండి. అలా దువ్వితే మ్యాట్ కాస్త నెమ్మదిస్తుంది కూడా, మరీ వేగంగా ఉన్నవాటికి ఇది మంచి చిట్కా.

దాచేటప్పుడు మడత పెట్టకండి, నూగు బయటికి వచ్చేలా చుట్టండి. లోపలికి చుడితే ఆ వంపు గుర్తుండి పరిచినప్పుడు కొసలు పైకి లేస్తాయి, బయటికి చుడితే నేలకు అదుముకుంటాయి. కొత్త మ్యాట్ పెట్టెలోంచి తీయగానే ఉన్న అలలకి కంగారు పడకండి. వెచ్చటి గదిలో పరిచి, కొసల మీద బరువైన పుస్తకాలు పెట్టి ఒక రోజు వదిలేయండి. రెండు రోజులకీ బంతి ఒక గీత దగ్గర ఎగురుతూనే ఉంటే అది రవాణాలో పడిన మడత. ఇక పోదు, తిప్పి పంపించండి.