పాత మాన్యువల్ లెన్స్ కొంటున్నారా? "వింటేజ్ లుక్ అంటే అంతే అన్నా" అన్నాడంటే అక్కడే ఆగండి

హైదరాబాద్‌లో హీలియోస్, టకుమార్, జుపిటర్, పెంటకాన్ లాంటి పాత లెన్సులు సెకండ్‌హ్యాండ్‌లో వెతుక్కుంటున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సోషల్ మీడియాలో పేజీ పెట్టి ఇలాంటివి అమ్మే ఒకతని దగ్గర హీలియోస్ 44-2 అనే 58 ఎం.ఎం. సోవియట్ లెన్స్ కొన్నాను, దెబ్బతిన్నాను. అతని పేరు, పేజీ పేరు ఇక్కడ రాయను. రాసినా లాభం లేదు, ఆ పేజీ పేరు మారుతూనే ఉంటుంది. అమ్మే పద్ధతి మాత్రం మారట్లేదు కాబట్టి అదే చెప్తాను.

ప్రకటన చూస్తే వంక పెట్టడానికి లేదు. ఫంగస్ లేదు, గీతలు లేవు, ఫుల్ సర్వీస్ అయ్యింది, 8,500 ఫిక్స్‌డ్. పగలు కలుద్దామంటే ఆఫీసు ఉందన్నాడు. మా ఇంటి దగ్గరి పార్కుకి రమ్మంటే అంత దూరం కాదన్నాడు. చివరికి నాంపల్లి వైపు ఒక ఇరానీ హోటల్లో, రాత్రి ఎనిమిదింటికి. ఫోన్ టార్చ్ వేసి లెన్స్‌ని ముందు నుంచీ వెనక నుంచీ చూశాను. అద్దాలు నిజంగానే శుభ్రంగా ఉన్నాయి. లోపల వెలుతురు వచ్చే రంధ్రాన్ని, అంటే ఎపర్చర్‌ని, చిన్నదీ పెద్దదీ చేసే ఎనిమిది బ్లేడ్లూ పొడిగా ఉన్నాయి, నూనె మరక లేదు. ఫోకస్ రింగ్ మెత్తగా తిరిగింది. నా సోనీ ఏపీఎస్-సీ బాడీకి (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్ ఉన్న కెమెరా) అడాప్టర్ రింగు పెట్టి తగిలించి, బల్లకి అవతల కూర్చున్న అతన్నే ఫొటో తీశాను. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. సాసర్‌లో పడిన ఉస్మానియా బిస్కెట్ పొడి కూడా కణం కణం కనిపిస్తోంది. యూపీఐ కొట్టి వచ్చేశాను.

అసలు సంగతి సెవెన్ టూంబ్స్ దగ్గర బయటపడింది. మా బాబాయి కూతురికి ఫొటోలు తీద్దామని పొద్దున్నే వెళ్లాం. ముఖం దాకా, నడుము దాకా తీసినవి బ్రహ్మాండంగా వచ్చాయి. ఆర్చి నీడలో నిలబెట్టి నిలువెత్తు ఫొటో తీద్దామని వెనక్కి జరిగాను. ఏపీఎస్-సీ బాడీ మీద 58 ఎం.ఎం. లెన్స్‌తో మనిషి తల నుంచి కాళ్ల దాకా పట్టాలంటే దాదాపు ఐదు మీటర్ల దూరం కావాలి. రింగ్ చివరిదాకా తిప్పాను, అక్కడ ఆగిపోయింది. పిల్ల మాత్రం ఇంకా మసకగానే ఉంది. ఫోకస్‌లో ఉన్నచోట కెమెరా స్క్రీన్ మీద చూపించే ఎర్ర గీతలు (ఫోకస్ పీకింగ్) ఆమె మీద పడకుండా, నాకూ ఆమెకీ మధ్యనున్న గడ్డి మీద మెరుస్తున్నాయి. వెనకాల గుమ్మటం సంగతి చెప్పక్కర్లేదు, అది బూజు ముద్ద.

అతనికి మెసేజ్ పెట్టాను. వరసగా వచ్చిన జవాబులివి.

"అన్నా, అది అడాప్టర్ ప్రాబ్లం."

నా దగ్గర పాత పెంటకాన్ 50 ఎం.ఎం. ఉంది. అదీ హీలియోస్ లాగే మర తిప్పి బిగించే ఎం42 మౌంటే. అదే అడాప్టర్‌కి దాన్ని తగిలించి, దూరంగా ఉన్న సెల్ టవర్ తీసి పంపాను. ఊచలతో సహా స్పష్టంగా ఉంది.

"పోర్ట్రెయిట్ లెన్స్‌కి ఇన్ఫినిటీ ఎందుకన్నా? ఇంకా దగ్గరికి ఫోకస్ అవుతుంది చూడు, అది బోనస్." (ఇన్ఫినిటీ అంటే చాలా దూరంలో ఉన్నవాటి మీద ఫోకస్ రావడం.)

"వింటేజ్ లుక్ అంటే అంతే అన్నా, సాఫ్ట్‌గనే వస్తది."

ఆ తర్వాత బ్లాక్.

కోఠిలో పాత కెమెరాలు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నారు. ఆయనకు చూపిస్తే విప్పకముందే చెప్పేశారు. ఫోకస్ రింగ్ చుట్టూ మూడు చిన్న స్క్రూలుంటాయి, వాటి గాళ్లు నలిగి మెరుస్తున్నాయి. ముందు అద్దాన్ని పట్టి ఉంచే రింగు గాడి పక్కన, పనిముట్టు జారిన గీత సన్నగా ఉంది. ఎవరో విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించేటప్పుడు హెలికాయిడ్‌ని, అంటే లెన్స్‌ని ముందుకీ వెనక్కీ నడిపే మరని, తప్పు చుట్టులో ఎక్కించారు. దానికి మర ఎక్కించే మొదలు ఒకటి కాదు, చాలా ఉంటాయి. ఏ మొదలు నుంచి ఎక్కించినా మెత్తగానే తిరుగుతుంది, లెన్స్ మాత్రం తన చోట ఉండదు. 58 ఎం.ఎం. లెన్స్ ఒక్క మిల్లీమీటరు ముందుకు ఉండిపోతే చాలు, దాదాపు మూడున్నర మీటర్ల అవతల ఏదీ ఫోకస్‌లోకి రాదు. హోటల్ బల్లకి అవతల మనిషి ఒక మీటరు దూరంలో ఉంటాడు. గోడ ఇంకో రెండు మీటర్లు. రాత్రి ఎనిమిది, ఇరుకు హోటల్ ఎందుకో అప్పుడర్థమైంది.

రిపేరుకి పెద్దాయన 1,200 తీసుకున్నారు. లెన్స్ ఇప్పుడు బాగానే ఉంది, ఆ మాట దాచను. డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

నా లెక్కలో పాత లెన్స్ ప్రకటనలో అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట "సర్వీస్ అయ్యింది". ఫంగస్‌ని టార్చ్ పట్టుకుంటుంది. నూనె పట్టిన బ్లేడ్లు కంటికి కనిపిస్తాయి. తప్పుగా బిగించిన లెన్స్ టార్చ్‌కి దొరకదు, ఫొటోలోనే దొరుకుతుంది, అదీ ఎండలో, దూరంగా తీస్తేనే. ఎవరూ విప్పని దుమ్ము లెన్స్ నాకు ఇవ్వండి, తళతళలాడే సర్వీస్ పీసు వద్దు. లోపల నాలుగు దుమ్ము కణాలుంటే ఫొటోకి ఏమీ కాదు.

ఇక లోపాన్నే అందం అని అమ్మే సంగతికొద్దాం. దాన్ని వివరంగా చెప్పకపోతే ఈ పోస్టుకి అర్థం లేదు.

హీలియోస్‌ని అందరూ కొనేది సుడి తిరిగే బ్యాక్‌గ్రౌండ్ కోసం. అది నిజంగా ఉంది, లోపం కూడా కాదు. జర్మనీ జైస్ వాళ్ల బయోటార్ డిజైన్ చూసి సోవియట్ ఫ్యాక్టరీల్లో చేసిన లెన్స్ ఇది. అంచుల నుంచి వచ్చే కాంతిని లెన్స్ గొట్టం కొంత కోసేస్తుంది కాబట్టి, మూలల్లోని వెలుగు చుక్కలు గుండ్రంగా కాకుండా పిల్లి కంటి ఆకారంలో వస్తాయి. అవన్నీ కలిసి మధ్యలో ఉన్న మనిషి చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. మనిషి ఒకటిన్నర, రెండు మీటర్ల దూరంలో, వెనకాల ఇంకో ఐదారు మీటర్ల అవతల వేపాకుల సందుల్లోంచి వెలుతురు వస్తూ ఉంటే బాగా పడుతుంది. ఎపర్చర్ మూసేకొద్దీ సుడి తగ్గిపోతుంది. నాలుగు మూలలా ఒకేలా ఉంటుంది. ఒక పక్కే ఉండి రెండో పక్క లేకపోతే అది లుక్ కాదు, ఏదో అద్దం పక్కకి ఒరిగింది. ఎపర్చర్ ఎఫ్ 5.6 పెట్టి (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం మూసుకుంటుంది), దూరంగా ఉన్న అపార్ట్‌మెంట్ల వరసని ఫ్రేము నిండా తీయండి. ఎడమ చివరి కిటికీలు, కుడి చివరి కిటికీలు సమానంగా ఉన్నాయో లేదో చూడండి.

ఇంకో మోసం ఇక్కడే ఉంది. సుడి ఉండేది మూలల్లో. ఏపీఎస్-సీ సెన్సర్ ఆ మూలల్ని కోసేస్తుంది. అమ్మేవాడు పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్ ఫ్రేమ్ కెమెరాతో తీసిన శాంపిల్స్ చూపించి మీ ఏపీఎస్-సీ బాడీకి అంటగడతాడు. పైగా మామూలు అడాప్టర్ పెట్టినప్పుడు లెన్స్ పేరు గానీ, ఎపర్చర్ గానీ ఫొటో ఫైల్లో నమోదు కావు. అతను చూపించే ఫొటో ఏ లెన్స్‌తో తీశాడో ఆ దేవుడికే తెలియాలి.

హేజ్ అంటే లోపలి అద్దం మీద పట్టే సన్నటి పొర. దాన్ని "డ్రీమీ గ్లో" అని అమ్ముతున్నారు. పాత లెన్సులు ఎఫ్ 2 దగ్గర కొంచెం వెలుగు చిమ్మడం మామూలే, ఎఫ్ 4కి తేరుకుంటాయి. తేడా పట్టాలంటే మనిషిని కిటికీ పక్కన నిలబెట్టి, అద్దం మీద నేరుగా ఎండ పడకుండా అరచేత్తో నీడ పట్టి, ఎఫ్ 8లో ఒకటి తీయండి. అప్పటికీ నల్ల జుట్టు బూడిద రంగులో కనిపిస్తే అది హేజ్. ఎంత ఎడిట్ చేసినా ఆ ముఖంలో జీవం రాదు.

ముందు అద్దాన్ని తిరగేసి బిగించిన హీలియోస్‌లు కూడా ఉన్నాయి. కొందరు కావాలనే అలా చేసుకుంటారు, మధ్యలో కాస్త తప్ప మిగతాదంతా కరిగిపోయినట్టు వస్తుంది. సరదాకి ఓకే. స్పెషల్ ఎడిషన్ అని రెట్టింపు ధర చెప్తే మాత్రం నమ్మకండి. అలాగే "1958 పీసు" అనే కబుర్లు. హీలియోస్‌లు చేసిన సోవియట్ ఫ్యాక్టరీల్లో ఒకటైన క్రాస్నోగోర్స్క్ లెన్సుల్లో చాలావాటికి సీరియల్ నంబర్‌లో మొదటి రెండంకెలు తయారైన సంవత్సరమే. నంబర్ 83తో మొదలైతే అది 1983 సరుకు.

ఇదే పేజీలో మా ఫొటోవాక్ మిత్రురాలు ఒకామె సూపర్ టకుమార్ 50 ఎం.ఎం. ఎఫ్ 1.4 కొన్నది. అద్దం టీ డికాక్షన్ రంగులో ఉంది. "గోల్డెన్ కోటింగ్ అక్కా, స్కిన్ టోన్‌కి సూపర్ ఉంటది" అన్నాడట! కోటింగూ లేదు, గోల్డూ లేదు. ఏడు అద్దాలున్న ఆ రకంలో థోరియం కలిపిన గాజు వాడారు. కాలం గడిచేకొద్దీ రేడియేషన్‌కి గాజే పసుపెక్కుతుంది, వెలుతురు కూడా కొంత తినేస్తుంది. మామూలుగా ఫొటోలు తీసుకోవడానికి భయపడాల్సిందేమీ లేదు, అద్దాన్ని అరగదీయడం లాంటి ప్రయోగాలు మాత్రం చేయకండి. ఆ పసుపు అల్ట్రావయొలెట్ వెలుతురులో పెడితే క్రమంగా పోతుంది. మే నెల ఎండలో డాబా మీద పెట్టమని సలహాలిచ్చేవాళ్లుంటారు. మన ఎండకి లోపలి గ్రీజు కరిగి బ్లేడ్ల మీదికి పాకుతుంది. యూవీ ఎల్ఈడీ దీపం కింద పెట్టుకోవడం మేలు. పసుపుంటే కొనొద్దని కాదు, పసుపుకి తగ్గ ధర ఇవ్వమంటున్నాను.

నికాన్ డీఎస్ఎల్ఆర్ వాళ్లకు రెండు ముక్కలు. ఎం42 లెన్స్ మీ బాడీకి పెడితే, మధ్యలో గాజు ఉన్న అడాప్టర్ వాడితే తప్ప ఇన్ఫినిటీ రాదు, ఆ గాజు పెడితే షార్ప్‌నెస్ పోతుంది. ఇంకోటి, "నికాన్ లెన్స్ ఏ నికాన్‌కైనా పడుతుంది" అనే మాట విని, 1977కి ముందునాటి, ఏఐ (ఆ ఏడు నికాన్ తెచ్చిన మౌంట్ పద్ధతి)గా మార్చని నికాన్ వాళ్ల నిక్కోర్ లెన్స్‌ని డీ750, డీ7000 లాంటి బాడీల మీద తిప్పారంటే మౌంట్ పక్కనున్న చిన్న మీట విరుగుతుంది.

వానాకాలంలో కొనేవాళ్లు లెన్స్‌తో పాటు ఒరిజినల్ లెదర్ కేసు ఇస్తున్నాడని మురిసిపోకండి. తోలు తేమ పట్టి ఉంచుతుంది, ఫంగస్‌కి అంతకన్నా మంచి ఇల్లు ఉండదు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ చాలు.

డబ్బు సంగతి. అడ్వాన్స్ అడిగితే వద్దనండి. రిఫండ్ ఇస్తానని క్యూఆర్ పంపి స్కాన్ చేయమంటే అది ఇంకో దొంగతనం, మనకి డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పనే లేదు. డబ్బు కట్టాక సరుకే రాకపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బుని ఆపడం కష్టం. షాపులో కొంటే కచ్చా చిట్టీ కాకుండా బిల్లు అడగండి. బిల్లుంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు.

మరి ఎక్కడ కలవాలి? పగలు, ఆరుబయట. ట్యాంక్‌బండ్ మీద నిలబడితే అవతలి ఒడ్డున బిల్డింగులున్నాయి, నెక్లెస్ రోడ్డైనా సరే. మీ బాడీ, మీ అడాప్టర్, అదే మౌంట్‌కి పనిచేసే ఇంకో లెన్స్ పట్టుకెళ్లండి. పాత లెన్స్‌ని కెమెరా గుర్తించదు కాబట్టి, మిర్రర్‌లెస్ బాడీ మెనూలో లెన్స్ లేకున్నా షటర్ కొట్టే ఆప్షన్ ముందే ఆన్ చేసుకోండి, లేకపోతే అక్కడ పది నిమిషాలు దానికే పోతాయి. ముందు దూరంగా ఉన్నది తీయండి, ఆ తర్వాతే ముఖాలు.

బయల్దేరే ముందు అమ్మేవాళ్లకు నేనిప్పుడు పంపుతున్న మెసేజ్ కింద పెడుతున్నాను, కాపీ చేసుకోండి. దీనికి రాతలో జవాబివ్వకుండా "ఫోన్ చేయి అన్నా, మాట్లాడుకుందాం" అనేవాళ్ల దగ్గరికి నేను వెళ్లట్లేదు.

"నమస్తే అండీ. లెన్స్ నచ్చింది. సీరియల్ నంబర్ కనిపించేలా, ఫోకస్ రింగ్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పుతూ చిన్న వీడియో పంపండి. లెన్స్ ఎప్పుడైనా విప్పారా? విప్పితే ఎవరు, ఏ భాగం? ఇన్ఫినిటీ ఫోకస్ వస్తుందని ఇక్కడే రాసివ్వండి. పగలు బయట కలుద్దాం, నా కెమెరాతో చూసుకున్నాకే డబ్బు ఇస్తాను."