లైటర్ పెట్టి చూపించినా నమ్మకండి: లెదర్ జాకెట్ కొనేవాళ్లకు వైజాగ్ నుంచి హెచ్చరిక

చలికాలం రాగానే మా ఊళ్లో ఫంక్షన్ హాళ్ల ముందు ‘ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్ లెదర్ సేల్’ (విదేశాలకు పంపగా మిగిలిన సరుకు అని) బ్యానర్లు కట్టేస్తారు. లంబసింగి, అరకు బైక్ మీద వెళ్దామని ప్లాన్ వేసుకునే కుర్రాళ్లంతా అక్కడే తేలతారు. కొనేముందు ఇది ఒక్కసారి చదవండి. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. బ్యానర్ మీద ఒక పేరు, మాకిచ్చిన స్లిప్పు మీద ఇంకో పేరు, ఏది అసలుదో వాళ్లకే తెలియాలి.

కిందటేడు మా తమ్ముడికి అలాంటి చోటే 6,500 రూపాయలకు నల్ల జాకెట్ తీసుకున్నాం. అమ్మినాయన మంచి మాటకారి. లోపలి జేబు దగ్గర వేలాడుతున్న చిన్న ముక్కను పట్టుకుని కింద లైటర్ వెలిగించాడు. ముక్క కరగలేదు, మంట అంటుకోలేదు, జుట్టు కాలిన వాసన వచ్చింది. ‘రెక్సిన్ అయితే ఇలా ఉంటుందా సార్?’ అన్నాడు. లైనింగ్ పక్కకి లాగి తోలు వెనకవైపు నూగు కూడా చూపించాడు. ఆ చలికాలమంతా తమ్ముడు హాయిగా తొడుక్కున్నాడు. తర్వాత బీరువాలోకి వెళ్లింది. వానలు వెళ్లాక నవంబర్లో తీస్తే కాలర్ మీద, మోచేతుల దగ్గర నల్లటి పొర ఉడికిన బంగాళాదుంప తొక్కలా ఊడి చేతికొస్తోంది. కింద గుడ్డ ఉంటుందనుకున్నాం. చూస్తే బూడిదరంగు తోలే ఉంది!

అసలు కిటుకు అదే. పశువుల చర్మం మందంగా ఉంటుంది కాబట్టి మిషన్ మీద పెట్టి అడ్డంగా పొరలుగా చీలుస్తారు. వెంట్రుకలు మొలిచే పైభాగం గట్టిది, ఖరీదైనది. ఫుల్ గ్రెయిన్, టాప్ గ్రెయిన్ అనేవి దాంట్లోంచే వస్తాయి. కింద మిగిలిన పొర స్ప్లిట్. దానికి పైభాగం నునుపు ఉండదు. అందుకని పాలీయురిథేన్ (పీయూ) అనే ప్లాస్టిక్ పూత అతికించి, ఆ పూత మీద తోలు గీతలు అచ్చు వేస్తారు. ఇప్పుడు తోలు వైపు నుంచి లైటర్ పెట్టినా, వాసన చూసినా, వెనక నూగు చూసినా అన్నిట్లో పాస్. తోలు అన్న మాట అబద్ధం కాదు మరి. మీ కంటికి కనిపించేది, ఒంటికి తగిలేది మాత్రం ప్లాస్టిక్. ‘100% జెన్యూన్ లెదర్’ అన్న ట్యాగు ఇలాంటి సరుకు మీద కూడా తగిలించేస్తారు.

ఇక ఊడిపోవడం సంగతి. మామూలు రకం పాలీయురిథేన్‌కి గాలిలో తేమ, వేడి పడవు. తొడిగినా తొడక్కపోయినా మెల్లగా విరిగిపోతూ ఉంటుంది. సముద్రం పక్కన ఉండే మన ఊళ్లలో ఇంకా తొందరగా పోతుంది. ఫోన్ చేస్తే అమ్మినాయన చెప్పిందేమిటి? ‘బీరువాలో పెట్టేశారు, గాలి తగల్లేదు, అందుకే పాడైంది’ అని. గాలి తగలకపోతే తోలుకి తెల్లగా బూజు పడుతుంది. పొడిగుడ్డతో తుడిచి నీడలో ఆరేస్తే చాలావరకు పోతుంది. పొరలు పొరలుగా లేచిందంటే అది పూత. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే అవతలివాడి నోరు మూయించొచ్చు. రెండోసారి చేసేసరికి ఫోన్ స్విచాఫ్ అనుకోండి, అది వేరే విషయం.

మరి షాపులో ఏం చూడాలి? కోసిన అంచు చూడండి. జేబు మూతి దగ్గరో, జిప్పు పట్టీ కిందో, ఎక్కడో ఒకచోట మడవకుండా వదిలేసిన అంచు దొరుకుతుంది. దాన్ని వెలుతురులో పెట్టి పక్కనుంచి చూస్తే స్ప్లిట్‌లో నూగు మీద సన్నటి పొర విడిగా, గీత గీసినట్టు కనిపిస్తుంది. గోటితో మెల్లగా గీకితే ఆ పొర లేచే అవకాశం కూడా ఉంది. తర్వాత రెండు చేతులూ పక్కపక్కన పరిచి గీతలు పోల్చండి. అచ్చు వేసిందైతే అదే డిజైన్ మళ్లీ మళ్లీ వస్తుంది. అసలు తోలు మీద ఒకచోట ముడతలు, ఒకచోట నునుపు, అక్కడక్కడా దోమకాటు మచ్చలు ఉంటాయి. మచ్చ ఉందని వద్దనకండి. నీటిచుక్క పరీక్ష మీద నాకు పెద్ద నమ్మకం లేదు, ఎందుకంటే ఫినిషింగ్ బాగా చేసిన అసలు తోలు కూడా నీళ్లు పీల్చదు. చంకల కింద, పక్క ప్యానెళ్లు తప్పకుండా చూడండి. ముందువైపు తోలు వేసి అక్కడ రెక్సిన్ కుట్టేయడం పాత అలవాటే. ఆన్‌లైన్‌లో అయితే వివరాల్లో ‘పీయూ’, ‘ఫాక్స్’, ‘వీగన్’ అని ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అలా ఉంటే అది అసలు తోలు కాదనే.

ఆ జాకెట్ సైజు దగ్గరా ఇదే కథ. భుజాలు బిగుతుగా ఉన్నాయంటే ‘వాడగా వాడగా సాగుతుంది సార్’ అన్నాడు. తోలు మోచేతుల దగ్గర, వీపు మీద కాస్త సాగి ఒంటికి సర్దుకునే మాట నిజమే. భుజం కుట్టు మాత్రం ఎక్కడుందో అక్కడే ఉంటుంది, చెయ్యి పొడవు పెరగదు. లోపల స్వెటర్ వేసుకునేవాళ్లయితే స్వెటర్‌తోనే వెళ్లి జిప్పు మెడదాకా పెట్టి చూడండి. బైక్ హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు ముందుకు చాచినప్పుడు మణికట్టు బయటపడిందా, ఆ సైజు వద్దు. తర్వాత కుట్లు విప్పించుకుందామంటే తోలులో సూది పడ్డ కన్నాలు పూడవు.

మెత్తబడడం కూడా అంతే. మంచి తోలు మొదట్లో బిర్రుగా ఉండి, తొడిగేకొద్దీ వంగినచోట వంగుతూ మెత్తబడుతుంది. పూత వేసింది ఆ వంగినచోటే చిట్లుతుంది. తొందరపడి వేడినీళ్లలో ముంచడం, ఎండలో ఆరేయడం, కొబ్బరినూనె పట్టించడం మాత్రం అసలు తోలుకి కూడా చేయకండి.

నాకు ఎక్కువ ఒళ్లు మండింది ప్యాడ్ల దగ్గర. ‘రైడింగ్ జాకెట్, భుజాలకి, మోచేతులకి ప్రొటెక్షన్ ఉంది’ అని అమ్మాడు. లైనింగ్ కత్తిరించి చూస్తే లోపల ఉన్నది మెత్తటి స్పాంజి, రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కితే వేళ్లు కలిసిపోతున్నాయి. నిజమైన ప్యాడ్ మీద సీఈ (CE) అన్న యూరప్ భద్రతా గుర్తు, ఈఎన్ (EN, యూరప్ ప్రమాణం) 1621-1 అన్న నంబరు అచ్చు వేసి ఉంటాయి. జాకెట్‌కి ఈఎన్ 17092 అని, పక్కన ఏ, ఏఏ, ఏఏఏ లాంటి గ్రేడుతో లేబుల్ ఉండాలి. ఇవేవీ లేనిది చలికి కప్పుకోవడానికే. అరకు ఘాట్‌లో పడితే అది కాపాడుతుందని అనుకోవద్దు.

డబ్బులు వెనక్కి రాలేదు. మాకిచ్చింది జీఎస్టీ నంబరు లేని ఎస్టిమేట్ స్లిప్పు, అడ్రస్ కూడా లేదు. వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయాలన్నా అవతలివాళ్లు ఎవరో చెప్పాలి కదా. అందుకే బిల్లు మీద జీఎస్టీ నంబరు, పర్మినెంట్ అడ్రస్, ‘ఫుల్ గ్రెయిన్’ లేదా ‘టాప్ గ్రెయిన్’ అన్న మాట రాయించుకోండి. రాయనని తటపటాయిస్తే అక్కడే జాకెట్ వదిలేసి రండి. ‘నో రిటర్న్’ బోర్డు చూసి బెదిరిపోకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. ఫిర్యాదు మీరు ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. కొన్న వస్తువు ఖరీదు 5 లక్షల లోపైతే ఫీజు కూడా ఉండదు.

ఈ సీజన్లో ఇలాంటి సేల్‌లో కొని నెల దాటనివాళ్లు ఇవాళే కాలర్ మడిచి, అంచు వెలుతురులో చూసుకోండి. అనుమానం వస్తే ఫొటోలు తీసి, సేల్ ఎత్తేసేలోపే హాలుకి వెళ్లి రాతపూర్వకంగా అడగండి. హాల్ బుక్ చేసుకున్నది ఎవరి పేరు మీదో మేనేజర్‌ని కూడా అడగండి. మేం వెళ్లేసరికి అక్కడ పెళ్లి జరుగుతోంది.