కదలని కాన్వాస్ మీద పరుగు: ఏది మేలు?

బొమ్మలో గుర్రం పరిగెత్తాలి, రైలు దూసుకురావాలి. కాన్వాస్ మాత్రం కదలదు. దీనికి చిత్రకారులు ఎంచుకున్న దారుల్లో మూడింటిని పక్కపక్కన పెట్టి చూస్తే తేడా బాగా తెలుస్తుంది.

మొదటిది భంగిమ. ఫ్రెంచ్ చిత్రకారుడు జెరికో 1821లో వేసిన ఎప్సమ్ డెర్బీ (ఇంగ్లండ్‌లో జరిగే గుర్రప్పందెం) బొమ్మలో నాలుగు గుర్రాలు ముందుకాళ్లు ముందుకీ, వెనకకాళ్లు వెనక్కీ బారచాపి గాల్లో తేలుతుంటాయి. నిజానికి గుర్రం అలా పరిగెత్తదు. నాలుగు కాళ్లూ నేలను వదిలేది అవి పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడేనని 1878లో ఫొటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ తీసిన వరస ఫొటోల్లో తేలింది. అయినా వాటిలోంచి ఒక ఫొటోను విడిగా తీసి చూడండి, గుర్రం బిగుసుకుపోయినట్టు ఉంటుంది. జెరికో గుర్రాలే పరిగెడతాయి. ఈ తప్పును నేను ఇష్టంగా క్షమిస్తాను.

రెండోది, ఒకే కాలును మళ్లీ మళ్లీ వెయ్యడం. ఇటలీ చిత్రకారుడు బాల్లా 1912లో గొలుసు కట్టిన పొట్టికాళ్ల నల్లకుక్కను వేశాడు. కాళ్లు విసనకర్రల్లా విచ్చుకుంటాయి, గొలుసు ఊగి గాల్లో వంపులు తిరుగుతుంది. ఆ చిట్టి అడుగుల హడావుడి ఇంతకంటే బాగా చూపించలేరు. కాకపోతే కుక్క ఉన్నచోటే ఉంటుంది. కదలిక ఉంది, దూరం లేదు.

అందుకే వేగం కావాలంటే నా ఓటు మూడోదానికే, ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్ దారికే. 1844 నాటి ‘వాన, ఆవిరి, వేగం’ బొమ్మలో థేమ్స్ మీది వంతెన దూరాన సన్నగా మొదలై, మన వైపు ఏటవాలుగా వెడల్పవుతూ వస్తుంది. వాన, పొగ, ఆకాశం అన్నీ కలిసిపోయి ఉంటాయి. వాటి మధ్య ఇంజన్ పొగగొట్టం ఒక్కటే నల్లగా, స్పష్టంగా కనిపిస్తుంది. కిటుకంతా అక్కడే ఉంది. అన్నీ అలికేస్తే మిగిలేది పొగమంచే. ఒక్కటి నిలిస్తేనే మిగతావి వెనక్కి పోతున్నట్టు అనిపిస్తుంది. ఎడమ పక్క నదిలో చిన్న పడవ కూడా ఉంది. దాని నిదానం పక్కన రైలు జోరు రెట్టింపవుతుంది.

ఇంకొకటుంది. పట్టాల మీద, రైలుకు ముందు, ఒక కుందేలు పరిగెడుతుంటుంది. కాలం గడిచి రంగు పలచబడింది కాబట్టి కళ్లు చికిలించి వెతకాలి. దొరికిందంటే ఇక చూపు రైలు మీద నిలవదు, ఆ కుందేలు తప్పించుకుంటుందా లేదా అన్న టెన్షనే.