ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసుకు ఆటోక్యాడ్: వేగం ఎక్కడుంది, దాని చౌక వెర్షన్ ఎల్‌టీ సరిపోతుందా?

హనుమకొండ, కాజీపేట ప్రాంతాల్లో ఇళ్ల ప్లాన్లు గీసే చిన్న ఆఫీసుకు ఒక సాఫ్ట్‌వేర్ ఎంత పనికొస్తుందో తేల్చాలంటే, గీసిన ప్లాన్‌ను అందులో ఎంత త్వరగా మార్చగలమో చూడాలి. 150 గజాలో 200 గజాలో స్థలం ఉన్న యజమాని ప్లాన్‌ను ఒక్కసారికే ఖాయం చేయడం అరుదు. వాస్తు చూసే పెద్దమనిషి మెట్లను నైరుతికి జరపమంటారు, ఇంట్లోవాళ్లు వంటగదిని ఇంకో అడుగు పెంచమంటారు, మేస్త్రీ పిల్లర్ల దూరం తగ్గించమంటాడు. ఈ పరీక్షలో, కంప్యూటర్‌పై ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్ గట్టిగానే నిలబడుతుంది. అయితే దాన్ని ముందుగా తమ పనికి తగ్గట్టు సిద్ధం చేసుకున్నవారికే ఆ ఫలితం దక్కుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ సమయం మిగిల్చేది డైనమిక్ బ్లాక్, అంటే ఒకసారి గీసి దాచుకుని, వాడే చోట కొలత మార్చుకోగల బొమ్మ. 2006 వెర్షన్‌తో వచ్చిన ఈ సదుపాయాన్ని ఇప్పటికీ వాడని ఆఫీసులను చూస్తే బాధ కలుగుతుంది. బాత్రూంకు రెండున్నర అడుగుల తలుపు, పడకగదికి మూడడుగులది, సింహద్వారానికి మూడున్నర అడుగులది, మళ్లీ కుడివైపు తెరుచుకునేవి వేరు, ఎడమవైపువి వేరు అని ఇన్ని బ్లాకులు దాచుకోనక్కరలేదు. ఒకే తలుపు గీసి, బ్లాక్ ఎడిటర్‌లో దాని వెడల్పుకు లీనియర్ పారామీటర్ (మార్చుకోగల పొడవు) పెట్టి, ప్రాపర్టీస్‌లో ఆ మూడు కొలతలను జాబితాగా ఇస్తే చాలు. తెరిచిన రెక్క గోడకు లంబంగా ఉంటుంది కాబట్టి దాన్ని సాగదీసే స్ట్రెచ్ యాక్షన్‌కు 90 డిగ్రీల యాంగిల్ ఆఫ్‌సెట్ ఇవ్వాలి; రెక్క తిరిగే దారిని చూపే వంపు గీతకు, కీలు దగ్గర బేస్ పాయింటు ఉండేలా, పరిమాణం మార్చే స్కేల్ యాక్షన్ పెట్టాలి; వైపు మార్చడానికి ఫ్లిప్ పారామీటర్ ఉంది. ఇక ప్లాన్‌లో ఆ తలుపు అంచును పట్టుకొని లాగితే మూడు కొలతల దగ్గరే ఆగుతుంది, బాణం గుర్తును నొక్కితే రెండో వైపుకు తిరుగుతుంది. తలుపులు ఎన్ని పడతాయో వడ్రంగికి చెప్పడానికి 2022 వెర్షన్‌లో వచ్చిన కౌంట్ కమాండ్ అక్కరకొస్తుంది.

ఆ తరువాతి స్థానం, ఆటోక్యాడ్‌లో మనకు కావలసిన కమాండ్లను మనమే రాసుకునే ప్రోగ్రామింగ్ భాష ఆటోలిస్ప్‌కు ఇస్తాను. అడుగులు, అంగుళాల్లో గీసే డ్రాయింగులో ఒక యూనిట్ అంటే ఒక అంగుళం. ఏరియా కమాండ్ చదరపు అంగుళాలూ చదరపు అడుగులూ చూపుతుంది గాని, మన దగ్గర స్థలం లెక్కంతా గజాల్లోనే. గది చుట్టూ ఒకే గీతగా గీసి మూసిన పాలీలైన్‌ను ఎంచుకోగానే విస్తీర్ణాన్ని 1296తో భాగించి, వచ్చిన గజాలను గది మధ్యలో రాసే రొటీన్‌కు (చిన్న ప్రోగ్రాముకు) కొద్ది వరుసలు చాలు. ఇలాంటి చిన్న పనులు రోజూ చేయాల్సివచ్చే ఆఫీసులో దీని విలువ వెంటనే తెలుస్తుంది.

తెర పైభాగంలో ఉండే రిబ్బన్‌లో కమాండ్ల బొమ్మలు వెతికి నొక్కుతూ పోవడం మాత్రం అన్నిటికన్నా నెమ్మదైన దారి. కమాండ్లను కీబోర్డుపై పొట్టి అక్షరాలతో ఇవ్వడం వేగం; మామూలుగా సి అక్షరం సర్కిల్‌కు, సీఓ కాపీకి కేటాయించి ఉంటాయి. ఇంటి ప్లాన్‌లో వృత్తాల కన్నా కాపీలే ఎక్కువ కాబట్టి, ఈ పొట్టి అక్షరాలుండే ఆకాడ్ డాట్ పీజీపీ (acad.pgp) ఫైలులో సి అక్షరాన్ని కాపీకి మార్చుకుని, ఆ ఫైలును మళ్లీ చదివించే రీఇనిట్ కమాండ్ ఇస్తే ఎడమచేతి వేళ్లతోనే పని సాగిపోతుంది. లేయర్లు, డైమెన్షన్ స్టైళ్లు ముందే ఉన్న టెంప్లేట్ ఫైలు సంగతి వేరే చెప్పనక్కరలేదు.

2008 వెర్షన్‌తో వచ్చిన, స్కేలును బట్టి తమంతట తామే పరిమాణం సర్దుకునే అనొటేటివ్ అక్షరాల వల్ల, మున్సిపల్ అనుమతికి ఒక స్కేలులో, మేస్త్రీకి పెద్ద స్కేలులో అదే ప్లాన్‌ను ప్రింటు తీసినా అక్షరాల పరిమాణం కాగితంపై ఒక్కటిగానే ఉంటుంది. దీన్ని అలవాటు చేసుకోవడానికి కొంత ఓపిక కావాలి. స్కేళ్ల జాబితా అనవసరంగా పెరిగిపోవడం కూడా చికాకే. బయటి నుంచి వచ్చే సర్వే డ్రాయింగుల్లో ఒకదానిపై ఒకటి పడిన గీతలు ఉంటే వాటిని తీసేసే ఓవర్‌కిల్ కమాండ్, పనికిరాని లేయర్లూ బ్లాకులూ పేరుకుపోతే వాటిని తొలగించే పర్జ్ కమాండ్ నడిపిన తరువాతే ఆ డ్రాయింగులను మన ఫైలులో కలుపుకోవాలి.

ఖర్చు విషయానికి వస్తే, 2016 నుంచి శాశ్వత లైసెన్సులను కొత్తగా అమ్మడం లేదు. చందా కట్టుకుంటూ పోవలసిందే. ఇద్దరు ముగ్గురు పనిచేసే ఆఫీసుకు ఇది నిజంగా భారమే. ఎల్‌టీ ధర తక్కువ, కాని అందులో త్రీడీ లేదు. ఆటోలిస్ప్ కూడా లేకపోవడం ఒకప్పుడు పెద్ద లోటు. 2024 వెర్షన్ నుంచి ఎల్‌టీలోనూ అది పనిచేస్తోంది. కాబట్టి ప్లాన్లు, సెక్షన్లు, పిల్లర్ల డ్రాయింగులకే పరిమితమైన ఆఫీసులు ఎల్‌టీ తీసుకోవచ్చని నేను నిస్సంకోచంగా చెబుతాను. ఎలివేషన్లను త్రీడీలో ఆటోక్యాడ్‌లోనే చేయదలచినవారు మాత్రం పూర్తి వెర్షన్‌కే వెళ్లాలి.